గొప్పవాడని ఎవరు తేల్చాలి? సిముకుడి మీద నలుగురి సాక్ష్యం (గోదావరి గట్టు రాజ్యాలు – 7వ భాగం)

గత భాగంలో బావరి కథ చెప్పుకున్నాం. కోసల దేశం నుంచి దక్షిణాపథానికి నడిచి వచ్చి, గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్న ఆ ముసలి బ్రాహ్మణుడు తన శిష్యులు 16 మందిని బుద్ధుడి దగ్గరికి పంపాడు. ఆ ఆశ్రమం ఉన్నది ఆదిలాబాద్ వైపు, ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి లంకలోనే అని ఇక్కడి పరిశోధకులు చెబుతారు. బోధన్ రాజధానిగా అస్మక జనపదం నడిచిన కాలం అది. ఆ తర్వాత మౌర్యులు వచ్చారు. అశోకుడు తన 13వ శిలాశాసనంలో ఆంధ్రుల పేరు తలిచాడు. క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు పోయాక పాటలీపుత్రం పట్టు సడలింది. దక్కనులో ఎవరి కోటకు వారే రాజులయ్యారు.

అలా తలెత్తిన చిన్న రాజుల్లో ఒకడి పేరు ఈనాటికీ మన పిల్లలు బడిలో వల్లె వేస్తున్నారు. సాతవాహన వంశ స్థాపకుడు ఎవరు? సిముకుడు, అంటే పాఠ్యపుస్తకాల శ్రీముఖుడు. పరీక్షలో ఒక మార్కు. గ్రూప్స్‌కు చదివే వాళ్లకు ఇంకొక బిట్టు: ఆయన నాణేలు ఎక్కడ దొరికాయి? కోటిలింగాలలో. అక్కడితో సిముకుడి పని అయిపోతుంది. తర్వాతి పేజీ నుంచి గౌతమీపుత్రుడు, హాలుడు, యజ్ఞశ్రీ వచ్చి కూర్చుంటారు. కరీంనగర్‌లో 2008లో పెట్టిన విశ్వవిద్యాలయానికి వంశం పేరు పెట్టారు. 2017లో వచ్చిన సినిమా గౌతమీపుత్రుడి మీద. మొదలుపెట్టిన మనిషి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

ఇంతకీ ఆయన గొప్పవాడేనా? వంశాన్ని స్థాపించినవాడు గనుక గొప్పవాడే అనేస్తే సరిపోతుందా? ఈ భాగమంతా ఆ ప్రశ్న మీదే.

ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పడంలో చైనావాళ్లు ఘటికులు. సరిగ్గా ఆ రోజుల్లోనే, క్రీ.పూ. 202లో, అక్కడ ల్యూ బాంగ్ అనేవాడు హాన్ వంశాన్ని స్థాపించాడు. రైతు బిడ్డ. పెయ్ అనే చోట దారి మీది ఠాణాను చూసుకునే చిన్న ఉద్యోగి. తాను తోలుకుపోతున్న ఖైదీల్లో కొందరు పారిపోతే, ఎలాగూ తనకు శిక్ష తప్పదని మిగిలినవాళ్లనూ వదిలేసి అడవి పట్టాడు. అక్కడి నుంచి సింహాసనం దాకా వెళ్లాడు. అతని తర్వాత దాదాపు వందేళ్లకు సిమా చియెన్ అనే చరిత్రకారుడు, అదే వంశంలో ల్యూ బాంగ్ మునిమనవడు చక్రవర్తిగా ఉండగా, ఆ మూలపురుషుడి కథ రాశాడు. ఏమీ దాచలేదు. శత్రువు తరుముతుంటే బండి బరువు తగ్గించడానికి కన్నబిడ్డలనే కిందికి తోసేశాడనీ, సారథి వాళ్లను మళ్లీ ఎక్కించుకున్నాడనీ రాశాడు. పండితుడి టోపీ లాక్కుని అందులో మూత్రం పోశాడనీ రాశాడు. దాంతోపాటే, గెలిచాక ల్యూ బాంగ్ తన విజయానికి చెప్పుకున్న కారణమూ రాశాడు. వ్యూహంలో, సరఫరాలో, యుద్ధంలో తనకంటే మొనగాళ్లు ముగ్గురు తన దగ్గర ఉన్నారు, వాళ్లను వాడుకోవడం ఒక్కటే తనకు తెలుసు అన్నాడట. ఆ ముగ్గురిలో యుద్ధవీరుడు హాన్ షిన్‌ను తర్వాత రాజకుటుంబమే చంపించింది. అదీ ఆ పుస్తకంలో ఉంది.

ఆ తర్వాత చైనాలో ఇదొక పద్ధతిగా స్థిరపడింది. ఒక వంశం పోయాక, వెనక వచ్చిన వంశం కొలువులో కూర్చుని పాత వంశం చరిత్ర రాసేవారు. తీర్పు చెప్పేది కొత్తవాడు కాబట్టి పాతవాళ్ల ఆఖరి రాజు ఎప్పుడూ దుర్మార్గుడుగానే తేలేవాడు. మొదటి రాజు మాత్రం సాధారణంగా పుణ్యపురుషుడే. తీర్పులో పక్షపాతం ఉందని వాళ్లకూ తెలుసు. అయినా విచారణ అంటూ ఒకటి జరిగింది, సాక్ష్యాలు కాగితం మీదికి ఎక్కాయి.

మన సిముకుడికి సిమా చియెన్ దొరకలేదు. దొరికింది నలుగురు సాక్షులు. వాళ్లలో ఇద్దరు ఆయన పోయి చాలా కాలమయ్యాక మాట్లాడారు. ఒకరు కోడలు. నాలుగో సాక్షికి నోరు లేదు.

మొదటి సాక్షి పురాణాలు. రాజవంశాల కథను ఇవి జరిగిపోయినట్టు చెప్పవు, జరగబోతున్నట్టు భవిష్యవాణిలా చెబుతాయి. కాణ్వ వంశపు చివరి రాజు సుశర్మను ఆంధ్రజాతివాడైన ఒక సేవకుడు చంపి భూమిని పాలిస్తాడు అన్నది సారాంశం. పేరు మాత్రం ఏ రెండు పురాణాలూ ఒక తీరుగా చెప్పవు. మత్స్యంలో శిశుకుడు, వాయువులో సింధుకుడు, విష్ణుపురాణపు ప్రతుల్లో శిప్రకుడు. రాసుకుంటూ పోయిన లేఖకుల చేతుల్లో ఒక ప్రాకృతపు పేరు ఇన్ని ముక్కలైంది. ఏలినది 23 ఏళ్లు అంటారు. భాగవతం ఇంకో అడుగు ముందుకేసి ఆయన్ని వృషలుడంటుంది. ధర్మం తప్పినవాడని, తక్కువ కులంవాడని అర్థం వచ్చే తిట్టు అది. బలవంతుడని కూడా ఒప్పుకుంటుంది.

పురాణకర్తల కోపానికి కారణం ఊహించడం కష్టం కాదు. వాళ్ల లెక్కలో రాజ్యమంటే మగధ. దాన్ని ఏలేవాళ్లే అసలు రాజులు. వింధ్యకు దక్షిణాన పుట్టినవాడు ఆ పట్టికలోకి ఎక్కాలంటే మగధ రాజును చంపి ఎక్కాల్సిందే. అందుకే సిముకుడి చేతికి ఒక కత్తి ఇచ్చి, సుశర్మను ఎదురుగా నిలబెట్టారేమో అనిపిస్తుంది. సిముకుడు నిజంగా పాటలీపుత్రం దాకా వెళ్లాడనడానికి అక్కడ ఒక్క నాణెం లేదు, ఒక్క శాసనమూ లేదు.

ఈ సుశర్మ హత్య ఇంకొక చిక్కు కూడా తెచ్చిపెట్టింది. మౌర్యుల తర్వాత శుంగులు 112 ఏళ్లు, కాణ్వులు 45 ఏళ్లు ఏలారని ఆ పురాణాలే చెబుతాయి. ఆ లెక్కన కాణ్వులు పోయింది క్రీ.పూ. 30 ప్రాంతంలో. అంటే సిముకుడు రోమ్‌లో అగస్టస్ గద్దెనెక్కిన కాలపువాడు. కానీ సాతవాహనులు మొత్తం 460 ఏళ్లు ఏలారని మత్స్యపురాణం అంటుంది. వంశం క్రీ.శ. 3వ శతాబ్దం మొదట్లో ముగిసింది కాబట్టి, వెనక్కి లెక్కేస్తే సిముకుడు అశోకుడు పోయిన వెంటనే వచ్చినవాడవుతాడు. చైనాలో గోడ కట్టించిన చిన్ చక్రవర్తికి, ల్యూ బాంగ్‌కు సమకాలికుడు. రెండు లెక్కల మధ్య 200 ఏళ్ల తేడా. మన పాఠ్యపుస్తకాలు రెండో దారి పట్టి క్రీ.పూ. 3వ శతాబ్దం అంటాయి. దినేశ్‌చంద్ర సర్కార్ లాంటి శాసన పండితులు అక్షరాల తీరు చూసి, కాదు, క్రీ.పూ. ఒకటో శతాబ్దమే అన్నారు. వాదం ఇంకా నడుస్తోంది.

రెండో సాక్షి జైన గాథలు. వీటి మాట క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే చెప్పినదే కొంచెం. సిముకుడు మొదట జైన ఆలయాలు, బౌద్ధ చైత్యాలు కట్టించిన ధర్మాత్ముడు, పోనుపోను చెడ్డవాడై చివరికి పదవి పోగొట్టుకుని హతుడయ్యాడు అని. కోటిలింగాల దగ్గరి మునులగుట్ట మీద జైన మునుల ఆనవాళ్లు ఉన్నాయి గనుక, తొలి సాతవాహనుల మీద జైనుల ప్రభావం ఉండే ఉంటుందని మన పరిశోధకులు అంటారు. ఉండొచ్చు. కానీ ఈ కథకు ఒక మూస ఉంది చూడండి. మతానికి దానాలు ఇచ్చినంత కాలం మంచివాడు, ఆపేశాక దుర్మార్గుడు. మరో మతపు యజ్ఞాలు చేసే వంశంగా సాతవాహనులు మారారని మనకు తెలుసు. జైనుల కంటికి అది పతనంగా కనిపించడంలో వింత లేదు. ఆయన నిజంగా హత్యకు గురయ్యాడో, లేక దాతగా మాత్రమే వాళ్లకు దూరమయ్యాడో ఈ గాథ ఆధారంగా తేల్చలేం.

మూడో సాక్షిని చూడాలంటే గోదావరి ఎగువకు పోవాలి. పైఠాన్ దాటి, ఇంకా పడమరకు, జున్నర్ దగ్గర సహ్యాద్రి కొండల్లో నానేఘాట్ అనే కనుమ ఉంది. దక్కను పీఠభూమి నుంచి కొంకణ రేవులకు దిగే వర్తకుల బిడారులు ఆ దారినే పోయేవి. దారి పక్కన ఒక గుహ. గుహలో రెండు గోడల నిండా పొడవైన శాసనం, వెనక గోడ మీద వరసగా బొమ్మలు. బొమ్మలన్నీ విరిగిపోయి పాదాల గుర్తులు మాత్రం మిగిలాయి. పైన చెక్కిన పేర్లు చాలావరకు నిలిచి ఉన్నాయి. వాటిలో మొట్టమొదటి పేరు రాజు సిముక సాతవాహనుడిది. ఆ పక్కన నాగనిక, శాతకర్ణి దంపతులు. తర్వాత రాకుమారులు, నాగనిక తండ్రి మహారథి త్రణకయిరుడు.

ఈ గుహ నాగనిక చేయించిన పని. భర్త పోయాక, బిడ్డలు చిన్నవాళ్లుగా ఉండగా ఆమె ఈ శాసనం వేయించింది. భర్త చేసిన అశ్వమేధం, రాజసూయం, ఇచ్చిన ఆవులు, ఏనుగులు, వేల కొద్దీ కార్షాపణాలు అన్నీ అందులో లెక్క రాయించింది. సిముకుడి పరాక్రమం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. సుశర్మ లేడు, మగధ లేదు. ఆయన ఉన్నది బొమ్మల వరసలో మొదటి స్థానంలో, అంతే.

నాకు మాత్రం ఈ సాక్ష్యం విలువైనదిగా కనిపిస్తుంది. ఆ దారిన పోయే ప్రతి వర్తకుడికీ, సుంకం కట్టే ప్రతి బిడారు పెద్దకీ కనిపించేలా కుటుంబాన్ని వరసగా నిలబెట్టింది నాగనిక. పుట్టింటివారు మహారథులు, బలం ఉన్నవాళ్లు. తండ్రిని కూడా ఆ వరసలో పెట్టింది కదా. అయినా వరస మామగారితోనే మొదలవ్వాలి. బిడ్డలకు రాజ్యహక్కు వచ్చేది ఆ పేరు నుంచే. అంటే సిముకుడు పోయిన ఒకటి రెండు తరాలకే ఆయన పేరు కుటుంబానికి పెట్టుబడి అయింది. (శాతకర్ణి సిముకుడి కొడుకు కాదు, తమ్ముడి కొడుకు అని పురాణాలు అంటాయి. ఏదైనా ఆమెకు మామ వరసే.)

చెప్పుకోదగ్గ మరో సంగతి. ఈ వంశంలో మగవాళ్ల గొప్పతనాన్ని రాతికెక్కించింది ఎక్కువగా ఆడవాళ్లే. శాతకర్ణికి భార్య నాగనిక ఉంది. గౌతమీపుత్రుడికి తల్లి గౌతమీ బాలశ్రీ ఉంది. శక, యవన, పహ్లవులను ఓడించాడనీ, అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయనీ నాసిక్ గుహలో రాయించింది ఆమే. అది లేకపోతే గౌతమీపుత్రుడి మీద సినిమా తీసేవాళ్లకు కథే దొరికేది కాదు. సిముకుడి కోసం అలా కలం పట్టించిన తల్లిగానీ భార్యగానీ ఉన్నట్టు ఇంతవరకు బయటపడలేదు.

ఇక నాలుగో సాక్షి దగ్గరికి, మన ఊరికి వద్దాం.

ధర్మపురికి దిగువన, పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట, దక్షిణపు గట్టు మీద కోటిలింగాల. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. గట్టు మీద కోటేశ్వరస్వామి గుడి. దాని చుట్టూ పెద్ద పాటిగడ్డ. వానలు పడి మన్ను కొట్టుకుపోయినప్పుడల్లా ఈ గడ్డల మీద కుండపెంకులు, పూసలు, తుప్పుపట్టిన చిన్న చిన్న బిళ్లలు పైకి తేలుతుండేవి. చదువుకున్నవాళ్లకు కూడా వాటి విలువ చాలా కాలం తెలియలేదు.

తెలిసిన కొద్దిమందిలో ఠాకూర్ రాజారాం సింగ్ ఒకరు. ఆయన ఈ ప్రాంతపు పాత ఊళ్లను కాలినడకన వెతికి గుర్తించిన మనిషి. ధర్మపురి పండితుడు సంగనభట్ల నరహరిశర్మ మరొకరు. నరహరిశర్మ ఓపికగా సేకరించిన నాణేలు శాసన పరిశోధకుడు పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రి చేతికి వెళ్లాయి. కాకతీయుల చరిత్ర రాసిన పరబ్రహ్మశాస్త్రే ఈయన. 1970ల చివర ఆయన ఆ నాణేల మీది బ్రాహ్మీ అక్షరాలు చదివి ప్రకటించేసరికి దేశంలోని చరిత్రకారులంతా ఇటు తిరిగారు. కొన్నింటి మీద చిముక సాతవాహనుడి పేరు ఉంది. అంతవరకు పురాణపు ఆకుల్లోనూ, నానేఘాట్ గోడ మీదా తప్ప ఎక్కడా లేని పేరు గోదావరి గట్టున రాగి బిళ్ల మీద కనిపించింది. ఆ వెంటనే 1979 నుంచి కొన్నేళ్లు పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు చేసింది. మట్టికోట గోడలు, బురుజుల ఆనవాళ్లు, ఇటుక కట్టడాలు బయటపడ్డాయి.

అంతకంటే ఆసక్తి కలిగించేది సిముకుడి నాణేలతోపాటు దొరికిన వేరే పేర్లు. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప. ఈ ఐదుగురి పేర్లూ ఏ పురాణంలోనూ లేవు. ఏ గుహ గోడ మీదా లేవు. ఆ నాణేలు దొరక్కపోతే వాళ్లు పుట్టినట్టే మనకు తెలిసేది కాదు. సాతవాహనులకు ముందు ఈ గట్టును ఏలిన రాజులు వాళ్లు. వాళ్లలో సమగోపుడు చివరివాడనీ, అతణ్ని తోసి సిముకుడు గద్దెనెక్కి ఉంటాడనీ పరబ్రహ్మశాస్త్రి ప్రభృతుల ఊహ. ఎలా తోశాడు? యుద్ధంలోనా, కొలువులో ఉంటూ కుట్ర చేసా, పిల్లనిచ్చి పుచ్చుకునా? నాణెం చెప్పదు. పురాణం చెప్పిన సేవకుడి కథలో, సుశర్మ పేరు తీసేసి సమగోపుడి పేరు పెట్టి చదివితే బాగానే అతుకుతుందని మాత్రం నాకు అనిపిస్తుంటుంది. ఇది నా ఊహ, దీనికి సాక్ష్యం లేదు.

వీళ్లు దేనికోసం కొట్టుకున్నారో అర్థం కావాలంటే ఆ కాలపు కోటిలింగాలను ఒకసారి తిరిగి చూడాలి. ఇది నది దాటే చోటు. ఎగువన పైఠాన్, అస్మకుల బోధన్. దిగువన మంథని మీదుగా కళింగ దారి, కృష్ణా లోయ దారి. ఉత్తరపు గట్టు దాటితే ఆదిలాబాద్ అడవులు. వాటి నుంచి టేకు, లక్క, తేనె, ఏనుగు దంతం వచ్చే వీలుంది. దక్షిణాన జగిత్యాల, పెద్దపల్లి చెలకల్లో ఇనుప రాయి. నేటికీ ఈ వైపు పాత ఊళ్ల పక్కన ఇనుప చిట్టెం కుప్పలు కనిపిస్తాయి. కొలిమి, నాగలి కర్రు, కత్తి, మూడూ ఆ రాయి నుంచే. ఆ ఇనుముతోనే అడవి కొట్టి పొలం చేశారు, దాంతోనే సైన్యమూ కట్టారు.

కోటిలింగాల నుంచి దక్షిణానికి పెద్దపల్లి వైపు పోతే హుస్సేనిమియా వాగు వెంట ధూళికట్ట, పెద్దబంకూరు వస్తాయి. ధూళికట్టలోనూ మట్టికోట ఉంది. దాని పక్కన బౌద్ధ స్తూపం. ఐదు పడగల ముచిలిందనాగు చెక్కిన సున్నపురాతి పలకలు అక్కడివే. పెద్దబంకూరులో కోట లేదు, అది పనివాళ్ల ఊరు. ఇటుకతో కట్టిన బావులు, కాల్చిన మట్టి ఒరలు దింపిన బావులు, వాడిన నీళ్లు పోయే కాలువలు, కమ్మరి కొలిమి అక్కడ బయటపడ్డాయి. ఒకే కుండలో దాదాపు 22 వేల సాతవాహన నాణేలు దొరికాయి. రోమ్ రాజులు అగస్టస్, టైబీరియస్ నాణేలూ దొరికాయి. వీటిలో చాలా భాగం సిముకుడి తర్వాతి తరాల నాటివే. కానీ దారి వేసింది ఎవరో ఆలోచించండి. కమ్మరి చేసిన కొడవలిని ధాన్యం కొలిచి మాత్రమే కొనే ఊరు వేరు, నాణెం ఇచ్చి కొనే ఊరు వేరు. రెండో రకం ఊరికి, ఈ బిళ్ల చెల్లుతుందని హామీ ఇచ్చే ఒక పేరు కావాలి.

సిముకుడి నాణెం మీద ఒకవైపు తొండమెత్తిన ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తుగా పిలిచే నాలుగు వలయాల కూర్పు. చుట్టూ పేరు, ముందు రాజ బిరుదు. దేవుడి బొమ్మ లేదు, రాజు ముఖమూ లేదు. ఇంకా పాత అచ్చు నాణేల మీద రాజు పేరే ఉండేది కాదు, గుర్తులే. గోబదుడి తరం నుంచి పేరు రాయడం మొదలైంది. సిముకుడు ఆ అలవాటును అందుకుని, దానికి వంశం పేరు కలిపాడు. సమగోపుడి నాణెం ఒక మనిషిది. సిముకుడి నాణెం ఒక ఇంటిది. ఆ తేడాయే తర్వాత నాలుగు శతాబ్దాలకు పైగా నడిచిందని నా లెక్క.

ఇక్కడ ఒక పేచీ ఉంది. ఆ ఇంటిపేరు ఎక్కడిది? సాతవాహనుడు అనే పేరుతోనే ఉన్న ఒక రాజు నాణేలు మెదక్ వైపు కొండాపూర్‌లోనూ, కోటిలింగాలలోనూ దొరికాయి. వంశానికి పేరిచ్చిన అసలు మూలపురుషుడు అతనేననీ, సిముకుడు అతని తర్వాతివాడనీ మిరాశీ లాంటి నాణేల పండితులు వాదించారు. అది నిజమైతే స్థాపకుడన్న బిరుదే సిముకుడి చేతిలో ఉండదు. మరికొందరు ఆ నాణేలు తర్వాతివి అంటారు. కోటిలింగాల చిముకుడు, నానేఘాట్ సిముకుడు ఒకరేనా అని శంకించినవాళ్లూ ఉన్నారు. సాతవాహనులు పైఠాన్‌వారని మరాఠీ పండితులు, బళ్లారివారని సుక్తాంకర్, మావాళ్లని మనం. ఈ కొట్లాటలో కోటిలింగాల నాణేలు మన వైపు బలంగా మొగ్గాయన్నది వాస్తవం. అయితే తొలి రాజధాని కోటిలింగాలే అని చెప్పే శాసనం ఏదీ ఇంకా దొరకలేదు. తవ్వింది కొంత భాగమే. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాక వెనక నీళ్లు ఆ గడ్డలో చాలా భాగాన్ని కప్పేశాయి. సాక్షిని పూర్తిగా అడగకముందే ముంచేశాం అన్నమాట. నిధులు, పరిహారాల గురించి ఎన్ని సభలు జరిగాయో, ఆ గడ్డను ముందే తవ్వి పూర్తిచేద్దామన్న మాట అంత గట్టిగా వినిపించలేదు.

ఇప్పుడు తీర్పు. పాటలీపుత్రాన్ని గెలిచిన చక్రవర్తిగా ఆయన్ని కొలిస్తే ఓడిపోతాడు. ఆ కొలత పురాణకర్తలది, ఆయనది కాదు. ఆంధ్రులకు 30 కోటలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని మెగస్తనీసు చెప్పినట్టు ప్లినీ రాశాడు. ఆ అంకెలన్నీ నిజమనుకున్నా, ఆ 30 కోటల్లో 29 కోటల రాజుల పేర్లు మనకు తెలియవు. కోటిలింగాలలోనే ఐదుగురు ఉన్నారు, వాళ్లను మొన్నమొన్నటిదాకా ఎవరూ ఎరగరు. సిముకుడు అదే గట్టున, అదే ఇనుముతో, అదే రేవుతో మొదలుపెట్టాడు. ఆయన తర్వాత గద్దె తమ్ముడు కృష్ణుడికి వచ్చింది. ప్రాకృతంలో కన్హుడు. నాసిక్‌లో అతని కాలపు గుహ ఉంది. శ్రమణుల వ్యవహారాలు చూసే ఒక మహామాత్రుడు దాన్ని తొలిపించాడు. అంటే ఒక తరం తిరిగేసరికి గోదావరి మధ్య గట్టు నుంచి నది పుట్టిన కొండల దాకా వీళ్ల మాట చెల్లింది. పరిపాలనకు మౌర్యుల నాటి ఉద్యోగుల పేర్లే ఉంచుకున్నారు. మౌర్య సామ్రాజ్యాన్ని ద్వేషించి కూల్చినవాళ్ల పని కాదు ఇది, దాని సామాను ఏరుకుని సొంత ఇల్లు కట్టుకున్నవాళ్ల పని.

అన్న పోయాక తమ్ముడు రావడం చిన్న విషయం కాదు. చిన్న రాజ్యాలు ఎక్కువగా కూలేది అక్కడే. ల్యూ బాంగ్ పోగానే అతని భార్య, ఆమె పుట్టింటివాళ్లు రాజ్యాన్ని దాదాపు మింగేశారు. సిముకుడి ఇంట్లో అలాంటిది జరిగిన జాడ లేదు. అన్నను చంపి వచ్చాడా అన్న అనుమానం జైన గాథ రేపుతుంది కానీ, అదే జరిగితే తర్వాతి తరంలో నాగనిక ఆ పేరును వరసలో మొదట పెట్టి ఉండేదా? పెట్టదని నా నమ్మకం. సిముకుడి గొప్పతనం గురించి నాకున్న గట్టి సాక్ష్యం ఇదే. ఆయన తాను గెలిచినదాన్ని ఇంటివాళ్లు కొట్టుకోకుండా పంచుకోగలిగేలా వదిలి వెళ్లాడు. యుద్ధాలు లెక్కపెట్టే చరిత్రకారులకు ఇది ఎందుకో గొప్పగా అనిపించలేదు.

ఆయన మంచివాడా? తెలియదు. సమగోపుడి మనుషులను అడిగితే వేరేగా చెప్పేవారేమో. ఆయన నాణెం రాకతో ఎంతమంది కమ్మరులు, కుమ్మరులు బాగుపడ్డారో, ఎంతమంది మీద సుంకం పడిందో చెప్పే పుస్తకం మనకు లేదు.

కన్హుడు 18 ఏళ్లు ఏలాక రాజ్యం శాతకర్ణి చేతికి వచ్చింది. పెదనాన్న గట్టు రాజు, ఇతడు దక్షిణాపథపతి అనిపించుకున్నాడు. మహారథుల ఆడపడుచు నాగనికను పెళ్లాడి పడమటి కనుమలను కట్నంలా పట్టుకున్నాడు, అశ్వమేధం చేశాడు. సరిగ్గా అప్పుడే తూర్పున కళింగ గద్దె మీద ఖారవేలుడనే యువకుడు కూర్చున్నాడు. గద్దెనెక్కిన రెండో ఏడే, శాతకర్ణి ఉన్నాడన్న లెక్క కూడా లేకుండా పడమరకు సేనను నడిపించానని హాథీగుంఫా గుహలో గొప్పగా రాయించుకున్నాడు. ఆ సేన ఏ నది దాకా వచ్చింది, ఎవరి ఊళ్లను బెదిరించింది, నానేఘాట్ గోడ మీద అంత లెక్క రాయించిన నాగనిక ఆ దాడి గురించి ఎందుకు నోరు మెదపలేదు అన్నది వచ్చే భాగంలో.